సైకిలు ప్రయాణమున వెనుకచూపు అద్దము

పత్తి అమ్మకముల కాలమున ఆదోని–ఎమ్మిగనూరు రహదారి ప్రక్కన ఒక గంటసేపు నిలిచి చూచినచో రోడ్డు ఎవరి వశమైనదో తెలియును. పత్తి నింపిన పెద్ద గోనెలను ఇరుప్రక్కలకు పొంగునట్లు పేర్చుకొని ట్రాక్టర్లు ఆదోని మార్కెట్టు యార్డునకు సాగుచుండును. వాని వెనుక లారీలు, బస్సులు, ఆటోలు. వీనియన్నింటికిని ఎడమగా, తారు అంచు విరిగిన చోట, ఒక సైకిలు. దానిపైనున్నవాడు పాలక్యానులు వ్రేలాడదీసిన రైతు కావచ్చును. 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన చేనేత సహకార సంఘముతో పేరొందిన ఎమ్మిగనూరులో నూలు మూట కట్టుకొని ఇంటికి మరలు నేతపనివాడు కావచ్చును. ఉన్నత పాఠశాలకు పోవు బాలికయు కావచ్చును. 2017లో బడికొస్తా పథకము క్రింద ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంచిరి. సైకిలు ఇచ్చిన పిమ్మట అది నడచు దారిని గూర్చి ఆలోచించుట గ్రామము వంతు.

ముందున్నది సైకిలువానికి కనబడును. వెనుకనున్నది మాత్రము వినబడవలసినదే. మోటారు సైకిలును అద్దములతోనే అమ్ముదురు. సైకిలునకు గంట ఒక్కటియే. గంట ముందువారిని హెచ్చరించునుగాని వెనుక వచ్చుదానిని చూపదు. చెవిని నమ్ముకొని పోవుట ఒకప్పుడు చెల్లినది. నేడు బ్యాటరీ ఆటోలు ఇంచుమించు చప్పుడు లేకయే దాపునకు వచ్చును. పాటలు మ్రోయించుచు ట్రాక్టరు ఎదురైనచో వెనుకనున్న బస్సు సంగతి తెలియదు. వయసు పైబడి వినికిడి తగ్గినవారి మాట చెప్పనక్కరలేదు.

మెడ త్రిప్పి చూడరాదా యని అడుగవచ్చును. చూడవచ్చును. కాని కుడి భుజము మీదుగా వెనుకకు చూచునపుడు, తెలియకయే చేయి హ్యాండిలును కుడికి లాగును. వెనుక బరువున్నచో సైకిలు మరింత తూలును. గంటకు 15 కిలోమీటర్ల వేగమున పోవు సైకిలు ఒక్క సెకనులో 4 మీటర్లకు పైగా సాగును; ఆ 4 మీటర్లలోనే గుంత ఉండవచ్చును. వెనుక లారీ 60 కిలోమీటర్ల వేగమున వచ్చుచున్నదనుకొందము. వేగముల తేడా 45. అనగా సెకనుకు పన్నెండున్నర మీటర్ల చొప్పున అది దాపగుచుండును. 100 మీటర్ల ఎడము 8 సెకన్లలో తీరిపోవును. లారీని 100 మీటర్ల దూరముననే చూచినవానికి ఆ 8 సెకన్లును దక్కును. నెమ్మదిగా అంచునకు తొలగగలడు. చెవి ప్రక్కన హారను మ్రోగిన పిమ్మట అదరిపడువానికి ఒకటి రెండు సెకన్లే మిగులును. ఆ కొద్ది సెకన్లను సంపాదించి పెట్టుటయే అద్దము చేయు పని.

1911 మే 30న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో జరిగిన 500 మైళ్ల కారు పందెమున రే హారూన్ అను నాతడు గెలిచెను. తక్కిన కార్లలో వెనుక చూచి చెప్పుటకు వేరొక మనిషి కూర్చుండగా, ఈతడు ఒక అద్దము బిగించుకొని ఒంటరిగా నడిపెను. అయితే ఇటుకల బాటపై అద్దము అదరుటచే అందులో ఏమియు సరిగా కనబడలేదని తరువాత ఆయనయే చెప్పెను! హ్యాండిలునకు బిగించు సైకిలు అద్దమునకు నేటికిని అదే చిక్కు. పైగా క్యారియరుపై మూట వెడల్పుగా ఉన్నచో ఆ అద్దములో రోడ్డుకు బదులు మూటయే కనబడును.

హెల్మెట్టునకు అమర్చిన అద్దమున ఈ లోపములు తక్కువ. చక్రముల అదురును నడుము, మెడ చాలవరకు మ్రింగివేయును. కంటికి దగ్గరగా ఉండుటచే రూపాయి బిళ్లకంటె కొంచెము పెద్దదైనను చాలును. తల కొద్దిగా కదల్చినచో రోడ్డు ఈ అంచు నుండి ఆ అంచు వరకు కనబడును. కంటికి అంత దగ్గరనున్న వస్తువు చత్వారము వచ్చినవారికి కనబడదేమోయను సందేహము కలుగవచ్చును. మనము చూచునది అద్దమును కాదు, అందు కనబడు దూరపు వాహనమును. కావున చదువునప్పటి కళ్లజోడు అక్కరలేదు. అయితే దీనిని ఒక కన్నే చూచును. కుడికన్ను మందగించినవారికి ఇది పనికిరాదు.

కుడికన్ననుటకు కారణమున్నది. మన దేశమున ఎడమవైపున పోవుదుము. వాహనములు కుడి ప్రక్కనుండి దాటును. కాబట్టి అద్దము కుడివైపుననే ఉండవలెను. కుడివైపున నడచు అమెరికావంటి దేశముల కొరకు చేసినవి ఎడమకు అమర్చబడి వచ్చును. కొనునపుడు త్రిప్పి బిగించుటకు వీలున్నదో లేదో చూచుకొనవలెను.

కంటి దాపున గాజు పెట్టరాదు. పగులని ప్లాస్టిక్ అద్దమే మేలు. కాడగా తీగె వాడినచో కొనను చుట్టగా వంచవలెను. సవరించు పద్ధతి సులభము. సైకిలుపై కూర్చుండి, ఇరువది అడుగుల వెనుక ఒకరిని నిలువబెట్టి, అద్దపు లోపలి అంచున తన చెవి కొన, తక్కిన భాగమున ఆ మనిషి కనబడునట్లు త్రిప్పుకొనవలెను. మొదటి రెండు మూడు దినములు పాఠశాల మైదానమున తిరిగి కంటికి అలవాటు చేసికొని, ఆపైన రోడ్డెక్కవలెను. అద్దములోనికి చూపు క్షణమాత్రమే పోవలెను. గుంత తప్పించుకొనుటకు ముందు, కుడికి మరలుటకు ముందు చూడక తప్పదు. మరలునపుడు అద్దమును మాత్రమే నమ్మక ఒకసారి తలయు త్రిప్పవలెను, అద్దమునకు అందని మూల కొంత ఉండును. రాత్రివేళ అద్దమున దీపములే కనబడును, దూరము తెలియదు. అప్పుడు వెనుక మడ్గార్డుపై ఎఱ్ఱని రిఫ్లెక్టరే దిక్కు.

మోటారు వాహనముల చట్టము, 1988లోని 129వ సెక్షను మోటారు సైకిలువారికి హెల్మెట్టును విధించినదిగాని సైకిలువారికి కాదు. ఆదోని ఎండలలో బరువైన మోటారు సైకిలు హెల్మెట్టు ధరించి సైకిలు త్రొక్కుమనుట న్యాయము కాదు. గాలి రంధ్రములుగల తేలిక హెల్మెట్టులు వేరుగా దొరకును. అదియు వలదనువారు కళ్లజోడు కాడకు తగిలించు చిన్న అద్దము వాడుకొనవచ్చును. తలపాగాకు గ్రుచ్చుకొనుట తగదు. పాగా జారినప్పుడెల్ల అద్దము ఆకాశమును చూపును.

ఇంతవరకు సైకిలువాని పని. అద్దములో లారీని చూచినవాడు తొలగుటకు చోటుండవలెను గదా! ఆ చోటు పంచాయతీ చేతిలో నున్నది. రహదారిని కలియు మన గ్రామపు రోడ్ల అంచులను సర్కారు తుమ్మ కంప క్రమ్మియున్నచో సైకిలువాడు ముండ్లకు వెఱచి నడిరోడ్డుననే పోవును. అంచున జొన్నలు ఆరబోసినను అంతే. తారునకు, మట్టికి నడుమ జానెడు ఎత్తు తేడా ఉన్నచో దిగబోయి పడును. నల్లరేగడి నేల వానకు బంకయై చక్రమును పట్టివేయును. కావున అంచున మొరము పోయించి త్రొక్కించుట అవసరము. పెద్ద రహదారి పంచాయతీది కాకున్నను, ఏ కిలోమీటరు రాయి వద్ద అంచు కోసికొనిపోయినదో వ్రాసి, తీర్మానముతో సంబంధిత ఇంజనీరుగారికి పంపవచ్చును. కంపను వానకారు ముగియగానే, పత్తి బండ్లు కదలకముందే కొట్టించినచో ఆ యేటి అమ్మకముల కాలమంతయు దారి తెరపియై యుండును.