మూత్రాశయ క్యాన్సర్ – వంశపారంపర్య జన్యువుల పాత్ర

గత వేసవి సెలవులు అయిపోయి హాస్టల్ తెరిచిన వారంలోనే మా పక్క గది తమ్ముడు ఒకడు మళ్ళీ ఇంటికి వెళ్ళిపోయాడు. వాళ్ళ నాన్నకు ఆపరేషన్ అన్నాడు. ఆయనకు మూడు నాలుగు నెలలుగా అప్పుడప్పుడు మూత్రం ఎర్రగా వస్తోందట. నొప్పి లేదు, జ్వరం లేదు. "ఉడుకు చేసింది బిడ్డా, సబ్జా నీళ్లు తాగితే తగ్గుతది" అని ఊరుకున్నాడట. రెండు రోజులు మామూలుగా వస్తే తగ్గిపోయిందనుకునేవాడు. చివరికి హైదరాబాద్‌లో పరీక్ష చేస్తే మూత్రాశయంలో కణితి బయటపడింది. తమ్ముడు తిరిగి వచ్చిన రాత్రి మమ్మల్ని ఒక్కటే అడిగాడు: "అన్నా, అది రక్తంల వస్తదంటున్నరు. నాకు, మా అక్కకు గూడ వస్తదా?"

మేము బై.పి.సి. చదువుతున్న ఐదుగురం. మెండల్ బఠాణీల పాఠంలో అందరికీ మంచి మార్కులే వచ్చాయి. అయినా ఆ రాత్రి జవాబు చెప్పలేకపోయాం. తరువాత పుస్తకాలు తిరగేసి, ఇదే హాస్టల్‌లో చదివి ఇప్పుడు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్న అన్నను అడిగి తెలుసుకున్న సంగతులు మిత్రులందరి ముందు పెడుతున్నాం.

మూత్రపిండాలు వడగట్టిన మూత్రం గంటల తరబడి నిలువ ఉండే సంచి మూత్రాశయం. రక్తంలోంచి బయటికి పోయే విషం ఏదైనా ఉంటే అది ఈ సంచి లోపలి పొరకు అంతసేపూ తగులుతూనే ఉంటుంది. ఈ విషయం మొదట బయటపడింది రంగుల ఫ్యాక్టరీలలో. 1895లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే శస్త్రవైద్యుడు రంగులు తయారుచేసే కార్మికులలో మూత్రాశయ కణితులు వస్తున్నాయని ప్రకటించాడు. బీటా నాఫ్తైలమీన్, బెంజిడిన్ వంటి ఆరోమాటిక్ అమీన్లు దీనికి కారణమని తరువాతి కాలంలో తేలింది. మన దేశంలో కూడా 1990లలో కేంద్ర ప్రభుత్వం 112 రకాల బెంజిడిన్, అజో రంగులను నిషేధించింది. మనకు దగ్గరలోనే పోచంపల్లి ఉంది కాబట్టి నూలుకు రంగులద్దే ఇళ్ళ పిల్లలకు ఈ సంగతి తెలిసి ఉండడం మంచిది.

ఇవే అమీన్లు పొగాకు పొగలోనూ ఉన్నాయి. తమ్ముడి నాన్న ఏ రంగుల ఫ్యాక్టరీలోనూ పనిచేయలేదు. ఇరవై అయిదేళ్ళుగా రోజుకు రెండు కట్టల బీడీలు తాగాడు.

మరి జన్యువు సంగతి ఏమిటి? బీడీలు తాగే వాళ్ళందరికీ ఈ జబ్బు రావడం లేదు కదా. ఇక్కడ ఎన్.ఎ.టి.2 అనే జన్యువు గురించి చెప్పుకోవాలి. ఇది 8వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. కాలేయంలో ఒక ఎంజైమును తయారు చేయిస్తుంది. ఆ ఎంజైము అమీన్లకు ఎసిటైల్ అనే చిన్న ముక్కను తగిలించి, వాటి విషాన్ని తగ్గించి బయటికి పంపుతుంది. ఈ జన్యువు కొందరిలో చురుకైన రూపంలో, కొందరిలో నిదానపు రూపంలో ఉంటుంది. అమ్మ నుండి ఒకటి, నాన్న నుండి ఒకటి వస్తుంది. రెండూ నిదానపువి అయితే ఆ మనిషిని 'నిదానపు ఎసిటైలేటర్' అంటారు.

మా తమ్ముడికి మేము చెప్పిన పోలిక ఇది. భోజనం అయ్యాక పళ్ళేలు కడిగే చోట మనకు రెండు కుళాయిలున్నాయి. రెండూ ధారగా వస్తే వరుస చకచకా కదులుతుంది. రెండూ సన్నగా వచ్చిన రోజున వరుస మెస్ గుమ్మం దాకా పెరుగుతుంది. కానీ సంక్రాంతి సెలవుల్లో పదిమందే ఉన్నప్పుడు కుళాయి సన్నగా వచ్చినా ఎవరూ పట్టించుకోరు. కుళాయి జన్యువైతే, వరుసలో నిలబడ్డవాళ్ళు విషం.

ఇది ఒట్టి పోలిక కాదు, లెక్కల్లో కూడా కనిపించింది. ఇంగ్లండ్‌లో 1982లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, రంగుల పరిశ్రమలో రసాయనాలు తగిలి మూత్రాశయ క్యాన్సర్ వచ్చిన 23 మందిని పరీక్షిస్తే 22 మంది నిదానపు వాళ్ళే. 2005లో స్పెయిన్‌లో వెయ్యికి పైగా రోగులను, దాదాపు అంతమంది జబ్బు లేనివాళ్ళను పోల్చి చూశారు. నిదానపు వాళ్ళకు ప్రమాదం 1.4 రెట్లు అని తేలింది. ఈ తేడా ముఖ్యంగా సిగరెట్ తాగేవాళ్ళలోనే బలంగా కనిపించింది. అదే అధ్యయనంలో జి.ఎస్.టి.ఎం.1 అనే ఇంకొక జన్యువు పూర్తిగా లేనివాళ్ళకు 1.7 రెట్లు ఉంది. 1.4 రెట్లు అంటే భయపడనక్కరలేదు. వెయ్యిమందిలో 10 మందికి వచ్చే జబ్బు 14 మందికి వస్తుందని అర్థం. పొగతాగడం ఒక్కటే ప్రమాదాన్ని మూడు రెట్లు చేస్తుంది.

నిదానం అన్నివేళలా చెడ్డదని కూడా అనలేం. చైనాలో ఒక్క బెంజిడిన్‌తోనే పనిచేసిన కార్మికులను పరిశీలించి 1993లో ప్రకటించిన ఫలితాలలో నిదానపు వాళ్ళకు ప్రమాదం పెరగలేదు. విషాన్ని బట్టి జన్యువు పాత్ర మారుతుంది.

ఈ జన్యువు మన వైద్యులకు క్యాన్సర్ కంటే ముందు టి.బి. ద్వారా తెలిసింది. టి.బి.కి ఇచ్చే ఐసోనియాజిడ్ మాత్రను విరిచేది కూడా ఈ ఎంజైమే. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం రోగులను ఈ విధంగా వేరు చేసి చూసింది. దక్షిణ భారతంలో దాదాపు 60 శాతం మంది నిదానపు వాళ్ళు. జపాన్‌లో పదిశాతమే. నిదానపు వాళ్ళలో మందు ఎక్కువసేపు నిలిచి చేతులు, కాళ్ళు తిమ్మిర్లెక్కుతాయి. అందుకే టి.బి. మాత్రలతో పాటు బి6 విటమిన్ ఇస్తారు. మన హాస్టల్‌లో వందమంది ఉంటే అరవైమంది నిదానపు వాళ్ళన్నమాట. అయినా యూరప్ దేశాలతో పోలిస్తే మన దేశంలో మూత్రాశయ క్యాన్సర్ చాలా తక్కువ. జన్యువు ఒక్కటే జబ్బు తెచ్చేదైతే ఇలా ఉండదు.

"మన కులంల ఉంటదా?" అని మాలో ఒకడు అడిగాడు. కులంలోనే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల కొన్ని జన్యు మార్పులు కొన్ని సముదాయాలలో పేరుకున్న మాట నిజమే. వైశ్యులలో కొందరికి మత్తుమందుతో పాటు ఇచ్చే స్కోలిన్ అనే మందు త్వరగా విరగదు, ఆపరేషన్ తరువాత శ్వాస తిరిగి రావడానికి ఆలస్యమవుతుంది. హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి అధ్యయనం దీన్ని ఉదాహరణగా చూపింది. కానీ ఎన్.ఎ.టి.2 నిదానపు రూపం ఏ ఒక్క కులానిదీ కాదు. అందరి ఇళ్ళలోనూ ఉంది.

ఇక తమ్ముడి ప్రశ్న. కాగితం మీద గడులు గీసి చూపించాం. వాళ్ళ నాన్నకు రెండూ నిదానపువి, అమ్మకు ఒకటి చురుకు, ఒకటి నిదానం అనుకుంటే, ఒక్కో బిడ్డ నిదానపు వాడయ్యే అవకాశం సగం. వారసత్వంగా వచ్చేది ఆ కుళాయి మాత్రమే, కణితి కాదు. పెద్దపేగు క్యాన్సర్, గర్భాశయ క్యాన్సర్ చిన్న వయసులోనే ఇంట్లో పలువురికి వస్తే అది వేరు. లించ్ సిండ్రోమ్ అనే అరుదైన ఆ జబ్బున్న కుటుంబాలలో మూత్రనాళాలకు కూడా ముప్పు ఉంటుంది, డాక్టరుకు ఇంటి చరిత్ర అంతా చెప్పాలి. తమ్ముడి ఇంట్లో అలాంటిదేమీ లేదు.

మూత్రంలో రక్తం కనిపిస్తే, నొప్పి లేకపోయినా, ఒక్కసారే కనిపించి ఆగిపోయినా, మూత్ర పరీక్ష చేయించుకోవాలి. రాళ్ళ వల్ల, ఇన్ఫెక్షన్ వల్ల కూడా రక్తం పడుతుంది. ఏదో తేల్చేది పరీక్షే, సబ్జా నీళ్ళు కాదు. అవసరమైతే సన్నని గొట్టంతో లోపల చూస్తారు, దాన్నే సిస్టోస్కోపీ అంటారు. కణితి పై పొరలోనే ఉంటే కడుపు కోయకుండా గీకి తీసేస్తారు. అయితే ఇది మళ్ళీ మళ్ళీ మొలిచే జబ్బు.

అందుకే తమ్ముడి నాన్న ఇప్పుడు మూడు నెలలకొకసారి పరీక్షకు వెళ్తున్నాడు. తమ్ముడు ముందురోజు వార్డెన్ సార్‌కు లెటర్ రాసిచ్చి, పొద్దున్నే ఇబ్రహీంపట్నం బస్టాండ్‌లో నాన్నతో కలిసి సిటీ బస్సు ఎక్కుతాడు. ఎక్కే ముందు నాన్న అంగీ జేబు తడిమి చూస్తాడట. మొన్నటిసారి అగ్గిపెట్టె ఒక్కటే దొరికిందని చెప్పాడు.