సంచిలో లేసు సూది

వాడపల్లి

అమ్మడూ,

నీ ఉత్తరం చేరింది. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ లేసు సూది పట్టుకోలేదనీ, సగం అల్లిన టీపాయ్ గుడ్డ బీరువాలో అలాగే ఉండిపోయిందనీ, రోజుకో గంట ఎలా మిగుల్చుకోవాలో చెప్పమనీ రాశావు. ఆ గంట కోసం వెతకవద్దని చెప్పడానికే ఈ జవాబు. పొద్దున్నే క్యారియర్ సర్దుకుని, రావులపాలెంలో బస్సు మారి, జొన్నాడ దగ్గర గౌతమి దాటి రాజమండ్రి వెళ్లి, చీకటి పడ్డాక ఇల్లు చేరే మనిషికి ఖాళీ గంట దొరకదు. దొరికినా దాన్ని నిద్ర తీసేసుకుంటుంది, తీసుకోవాలి కూడా. కానీ నీ రోజులో పదేసి నిమిషాల ముక్కలు చాలా ఉన్నాయి. కాంప్లెక్సులో బస్సు కోసం కూర్చునే ముక్క, ఆసుపత్రిలో చీటీ పట్టుకుని ఎదురుచూసే ముక్క, శనివారమైతే మన వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చే జనంతో దారి నిండిపోయి బస్సు కదలని ముక్క. ఆ కాలం ముక్కలుగానే వస్తుంది, దాన్ని అతికించి గంట చేయడం నీ చేతిలో లేదు. నీ చేతిలో ఉన్నది దానికి తగ్గ పనిని ఎంచుకోవడం. దీనితో పాటే ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి: ఇలా సందుల్లో ఇమిడిపోయే పనిని లోకం పనిగా లెక్కపెట్టదు. మన గోదావరి లేసు సంగతి తెలిసినవాళ్లకు ఈ రెండూ విడివిడి విషయాలుగా కనిపించవు.

ముందు పని ఎంపిక సంగతి. సూదిపనులన్నీ ఒక తీరువి కావు. మగ్గం వర్కుకు బట్టను చట్రానికి బిగించాలి, ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద ఆడాలి. అది ఇల్లు కదిలే పని కాదు. చీరకు ఫాల్ వేయడం చిన్న పనే గానీ, రెండున్నర మీటర్ల పట్టీ ముడత పడకుండా అంచు వెంట నడవాలంటే మంచమో చాపో కావాలి. కుచ్చులు వేయాలంటే చెంగును బిగువుగా పట్టి ఉంచేది ఏదైనా ఉండాలి. చిన్న ఫ్రేము పెట్టుకుని కాడకుట్టు, గొలుసుకుట్టు వరకూ ప్రయాణంలో కుట్టొచ్చు. కానీ రంగు మారినప్పుడల్లా దారం ఎక్కించాలి, కుదుపుకు సూది వేల్లో దిగుతుంది. చేజారితే అది సీటు సందులో పడి, తర్వాత కూర్చునే వాళ్లకు గుచ్చుకుంటుంది. ఈ చివరి కారణం ఒక్కటి చాలు, బస్సులో కుట్టుసూది వద్దని చెప్పడానికి. లేసుకు ఇవేవీ అడ్డం రావు. కొక్కెం మొన ఉన్న క్రోషా సూది ఒకటి, దారపు ఉండ ఒకటి. ఇంకో పెద్ద సౌకర్యం ఉంది. స్వెట్టరు అల్లే రెండు సూదుల పనిలో వరసలోని కుట్లన్నీ సూది మీదే ఉంటాయి, సూది జారితే వరసంతా జారుతుంది. లేసులో ఎక్కడ ఆపినా విడిపోగలిగేది ఒకే ఒక్క ఉచ్చు. దానికి ఒక పిన్నీసు తగిలిస్తే, సంచిలో నెల్లాళ్లున్నా అల్లినంత మేరా అలాగే ఉంటుంది. దిగే స్టాపు దగ్గరపడినప్పుడు సర్దుకోవడానికి అర నిమిషం చాలు.

అయితే నీ టీపాయ్ గుడ్డ లేసే కదా, మరి అదెందుకు ఆగిపోయింది? నువ్వు దాన్ని మధ్యలో మొదలుపెట్టి గుండ్రంగా చుట్టూ పెంచుకుంటూ పోతున్నావు. ఒక్కో చుట్టు ముందుదాని కంటే పెద్దది, ప్రతిసారీ ఎక్కడ ఉన్నావో కుట్లు లెక్కపెట్టుకోవాలి, పెరిగేకొద్దీ ఒళ్లో పట్టదు. ముక్కల కాలానికి ముక్కల పనే కావాలి. విడివిడి పువ్వులుగా అల్లి తర్వాత అతికే పద్ధతి అందుకే పుట్టిందనను గానీ, అందుకు మాత్రం బాగా పనికొచ్చింది. ఐర్లండులో 1845 నుంచి కొన్నేళ్ల పాటు బంగాళాదుంప పంట కుళ్లి ఘోరమైన కరువు వచ్చినప్పుడు, అక్కడి పేద ఇళ్లలో లేసు అల్లిక కడుపు నింపే పనిగా వ్యాపించింది. క్లోన్స్ అనే ఊళ్లో పాదిరీ గారి భార్య కాసాండ్రా హ్యాండ్ 1847లో దాన్ని మొదలుపెట్టించింది. అక్కడ గులాబీ ఒక ఇంట్లో, ఆకు ఇంకో ఇంట్లో అల్లేవాళ్లు, వాటిని కలిపే పని మరొకరు చేసేవాళ్లు. మన వైపు నరసాపురం, పాలకొల్లు ఊళ్లలోనూ, వశిష్ఠ దాటి ఇటు రాజోలు వైపునా సాగిన పని తీరు కూడా ఇంచుమించు ఇదే: పువ్వులు అల్లేవాళ్లు వేరు, అతుకుపని చేసేవాళ్లు వేరు. ఎద్దుల మీద ఉప్పూ ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన లంబాడీల ఆడవాళ్లు రవికెలకూ పావడాలకూ కుట్టిన అద్దాల పని చూడు, అందులోనూ చిన్న చిన్న ముక్కలు కలిసి పెద్ద బట్ట అయిన జాడ తెలుస్తుంది. మన వెంకన్నకు మొక్కుకునే ఏడు శనివారాల మొక్కు ఒక్క వారంలో తీరదు గదా. కానీ ఏ వారానికి ఆ వారం ప్రదక్షిణలు పూర్తయ్యాకే ఇంటికి వెళతారు. పువ్వూ అంతే, ఏ పువ్వుకా పువ్వు ముగిసిన పనే. ఇవాళ రెండు పూర్తయితే రెండు, ఒకటీ కాకపోతే రేపటికి పిన్నీసు.

కుదుపులో కళ్లు తిరుగుతాయని అంటావేమో. కదిలే బస్సులో కిందికి చూస్తే కొందరికి నిజంగానే వికారం వస్తుంది. వాళ్లు ప్రయాణాన్ని వదిలేసి ఎదురుచూపుల్నే వాడుకోవాలి. సఖినేటిపల్లి రేవులో పంటు ఇంకా అవతలి ఒడ్డునే ఉన్నప్పుడు కాళ్ల కింద నేల కదలదు. కళ్లు లాగడం వేరే సంగతి. సన్నని తెల్ల దారాన్ని మసక వెలుతురులో అల్లితే లాగకుండా ఎలా ఉంటాయి? దారిలో అల్లేదానికి కాస్త లావు దారం, దానికి సరిపోయే సూది తీసుకో. చీకటి పడ్డాక తిరుగు బస్సులో అసలు తీయకు. ఒళ్లో ముదురు రంగు చేతిరుమాలు పరుచుకుంటే తెల్ల దారం మీద కుట్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఉండ దొర్లిపోకుండా మూతకు చిల్లు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో వేసుకో, దారం ఆ చిల్లులోంచి వస్తుంది, మాసిపోదు. ఒకే నమూనా చేతికి అలవాటయ్యే దాకా ఇంట్లో అల్లి, ఆ తర్వాతే బస్సులోకి తీసుకెళ్లు. కాగితం చూసుకుంటూ అల్లే కొత్త పువ్వుకు అది చోటు కాదు. విమానం ఎక్కే రోజున కత్తెరను మాత్రం చేతిసంచిలోంచి తీసి పెద్ద పెట్టెలో వేసెయ్.

ఇంకో అభ్యంతరం నువ్వు రాయలేదు గానీ, దానికి జవాబివ్వకపోతే ఈ సలహాకు న్యాయం ఉండదు. ఉన్న కాస్త ఖాళీలో కూడా ఆడది పని చేస్తూనే ఉండాలా, కిటికీలోంచి గోదావరిని చూస్తూ ఊరికే కూర్చోకూడదా? కూర్చోవచ్చు. ఖాళీని వృథా చేయకూడదనే మాట మన ఇళ్లలో ఎక్కువగా ఆడపిల్లలకే చెబుతారు, అది నాకెప్పుడూ నచ్చదు. నిద్ర చాలని రోజు బస్సులో నిద్రపో. మనసు బరువుగా ఉన్న రోజు చేతులు ముడుచుకుని కూర్చో. లేసు తియ్యాల్సింది చేతులకు అది హాయిగా అనిపించినప్పుడే. దాని హాయి ఎక్కడుందంటే, ఆఫీసులో నువ్వు చేసే పని సాయంత్రానికి కంటికి కనిపించదు, ఇంట్లో తోమిన గిన్నెలు రాత్రికి మళ్లీ సింకులో ఉంటాయి, అల్లిన పువ్వు మాత్రం మర్నాటికి కూడా పువ్వుగానే ఉంటుంది. ఫోను చూడవద్దని కూడా నేను అనను. పాటలు వింటూ అల్లొచ్చు, చెవులకు లేసుతో పనేముంది?

బజారులో మీటర్ల లెక్కన లేసు దొరుకుతుంటే ఇంత శ్రమ ఎందుకని మీ ఆఫీసులో ఎవరైనా అడుగుతారు. డబ్బు మిగులుతుందని మాత్రం జవాబు చెప్పకు, మిగలదు. యంత్రం మీద వచ్చే లేసు వేరే పద్ధతిలో తయారవుతుంది. కొక్కెం సూదితో వేసే అల్లికను అచ్చంగా వేసే యంత్రం వాడుకలో లేదు. దుకాణంలో ఎక్కడైనా అసలు క్రోషా అల్లిక చవగ్గా కనిపించిందంటే, దాని వెనక ఒక మనిషి చేతులున్నాయి, ఆ చేతులకు అందింది తక్కువని అర్థం. ఇందాక చెప్పిన హెచ్చరిక ఇక్కడే మొదలవుతుంది.

పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి జిల్లాలకు వచ్చిన లేసు, ఇక్కడి ఇళ్లలోంచి ఐరోపా, అమెరికా దుకాణాల దాకా వెళ్లింది. జర్మనీకి చెందిన సమాజశాస్త్రవేత్త మరియా మీస్ మన ప్రాంతానికి వచ్చి లేసు అల్లే ఆడవాళ్ల బతుకును పరిశీలించి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం ప్రచురించింది. ఆమె చూపించిన విషయం చాలా సూటిగా ఉంటుంది. ఆ ఆడవాళ్లు వంటా వార్పూ, పిల్లలూ, పశువులూ అన్నీ చూసుకుంటూనే రోజులో చాలా గంటలు లేసు అల్లేవాళ్లు. అయినా ఊరూ, వ్యాపారీ, చివరికి వాళ్లు కూడా దాన్ని తీరిక వేళ పని అనే అనుకునేవాళ్లు. తీరిక వేళ పనికి గంటల లెక్క ఎవరు అడుగుతారు? ముక్కకు ఇంతని చేతిలో పెట్టేవాళ్లు. వచ్చింది లెక్క చూస్తే పొలంలో కూలికి వెళ్లే ఆడమనిషికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం కంటే కూడా తక్కువ. దారం ఇచ్చేదీ, సరుకు పట్టుకెళ్లేదీ, అమ్మేదీ ఎక్కువగా మగవాళ్లు. అల్లిన మనిషికి తన పువ్వు ఏ దేశం వెళ్లిందో, ఎంతకు అమ్ముడుపోయిందో తెలిసే దారే లేదు.

మన పక్కనే ఉన్న ఆత్రేయపురాన్ని దీనితో పోల్చి చూడు. అక్కడ పూతరేకు తియ్యాలంటే బోర్లించిన కుండ, దాని కింద మంట, పలుచని బియ్యప్పిండిలో ముంచి తీసిన గుడ్డ, పొగ, చెమట కావాలి. ఆ పనిని చంకన పెట్టుకుని బస్సెక్కలేం. రేకులు తీసే మనిషి కుండ ముందు కూర్చుంటే ఆమె పనిలో ఉందని గుమ్మంలోంచి చూసినవాళ్లకు కూడా తెలుస్తుంది. రేకుల వాళ్లకు తగినంత ముడుతోందని నేననడం లేదు. కానీ వాళ్లది పనేనన్న సంగతిలో ఎవరికీ అనుమానం ఉండదు. లేసు అల్లే మనిషి అరుగు మీద కూర్చుని, పక్కింటావిడతో మాట్లాడుతూ, ఉయ్యాలలో పిల్లని కాలితో ఊపుతూ అల్లుతుంది. చూసేవాళ్లకు ఆమె కబుర్లు చెప్పుకుంటున్నట్టే ఉంటుంది. ఎక్కడైనా ఇమడగలగడం, ఎప్పుడైనా ఆపగలగడం, మాట్లాడుతూ చేయగలగడం, ఇప్పటిదాకా నీకు నేను లేసు మంచి గుణాలుగా చెప్పినవన్నీ ఆ ఆడవాళ్ల కూలిని కిందికి లాగాయి. ఆ గుణాల తప్పు కాదు అది. వాటిని చూపించి గంటల్ని లెక్కలోంచి తీసేసిన వాళ్లది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకూ, 2024లో నరసాపురం లేసుకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించాల్సిన సంగతే, ఎక్కడో తయారైన సరుకును ఆ పేరుతో అమ్మకుండా అది అడ్డుపడుతుంది. అయితే అల్లే మనిషికి పువ్వుకు ఎంత ఇవ్వాలో ఆ గుర్తింపు చెప్పదు.

ఇదంతా నీకెందుకంటే, నువ్వు బస్సులో అల్లడం మొదలుపెట్టిన కొన్నాళ్లకే పక్క సీటావిడ మా పాప గౌనుకు ఓ అంచు అల్లిపెట్టమని అడుగుతుంది. ఆఫీసులో ఎవరో గృహప్రవేశానికి గుమ్మం తోరణం అడుగుతారు. ఎలాగూ దారిలో అల్లుకుంటావుగా, దారం ఖర్చు ఇస్తాం అంటారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, అందరూ అలాగే అనుకుంటారు కాబట్టి వాళ్లూ అనుకుంటారు. ఇష్టమైన మనిషికి ఉచితంగా అల్లి ఇవ్వు, అది కానుక, దానికి లెక్కలు వద్దు. కానీ డబ్బు మాట వచ్చిన చోట దారం ధర దగ్గర ఆగకు. ఒక పువ్వు మొదటినుంచి చివరిదాకా గడియారం చూసి అల్లు. పాతిక నిమిషాలు పట్టిందనుకుందాం. ముప్పై ఆరు పువ్వుల గుడ్డకు పువ్వులకే పదిహేను గంటలు, అతుకుపనీ, ఉతికి పిన్నులు పెట్టి ఆరబెట్టడమూ దానికి అదనం. మన వైపు ఒక రోజు కూలి ఎంత నడుస్తోందో నీకు తెలుసు. ఆ లెక్కన ధర చెప్పు. బేరం కుదరకపోతే పోనీ. నువ్వు జీతం వచ్చే మనిషివి కాబట్టి తక్కువకు ఇచ్చినా నీకు గడిచిపోతుంది. కానీ నువ్వు చెప్పిన తక్కువ ధరే, లేసు మీద బతికే ఆడమనిషికి రేపు అడ్డం వస్తుంది. ఫలానా అమ్మాయి ఇంతకే ఇచ్చిందని ఆమె ముందు నీ పేరు చెబుతారు. సరదాకి అల్లేవాళ్లు ఈ విషయం ఆలోచించరని నాకు చాలాకాలంగా బాధ.

ఇక బీరువాలో ఉన్న గుడ్డ సంగతి. దాన్ని విప్పకు. ఉన్న చుట్లను అక్కడితో ముగించి నడిమి చక్రంగా ఉంచు, దాని చుట్టూ పువ్వులు అల్లుకుంటూ వచ్చి ఆఖర్న కలుపు. అతుకుపని బస్సులో చేయకు, అన్ని పువ్వులూ చాప మీద పరిచి చూసుకోవాలి, ఏ ఆదివారమో మధ్యాహ్నం వెలుతురులో కూర్చో. దారం మాత్రం మొత్తానికీ సరిపడా ఒకేసారి కొను. తెలుపు అన్నా ఒక్కో లాటుది ఒక్కో తెలుపు, అతికాక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మొదటి పువ్వును ఉతికి ఆరేసి ఎంత ముడుచుకుందో చూసుకున్నాకే మిగతావి మొదలుపెట్టు. సూది మీ ఊళ్లో దొరక్కపోతే రాయి, నరసాపురం వెళ్లేవాళ్ల చేత తెప్పించి పంపుతాను.


మీ పెద్దమ్మ