నెల్లూరు తీరమున వరి నారుమడి – మహిళా రైతు

కృష్ణా, గోదావరి డెల్టాలలో నవంబరు తుఫాను వచ్చినచో కోతకు సిద్ధమైన పైరు పడిపోవును. నెల్లూరు తీరమున సంగతి వేరు. ఇచ్చట ప్రధానమైన పంట రబీ వరి. అక్టోబరు, నవంబరులలో నారు పోసి, నవంబరు, డిసెంబరులలో నాట్లు వేయుదురు. ఏడాది వానలో సగమునకు పైగా ఈశాన్య ఋతుపవనము వలననే ఈ జిల్లాకు లభించును. తుఫానులు వచ్చునదియు ఆ నెలలలోనే. కావున విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లి గూడూరు, ముత్తుకూరు మండలములలో గాలివాన దెబ్బ మొదట తగులునది నారుమడికి, కొత్తగా నాటిన లేత పైరుకు. నారు పీకువారు, నాటువారు, కలుపు తీయువారు ఎక్కువగా స్త్రీలే. అయినను ఏ రకము వేయవలెను, ఎప్పుడు నారు పోయవలెను అను మాట వచ్చినప్పుడు వారిని అడుగు ఇండ్లు తక్కువ.

ఈ తీరమునకు తుఫానులు కొత్త కావు. 1927 నవంబరులో వచ్చిన పెనుతుఫాను, 1989 నవంబరులో కావలి వద్ద తీరము దాటిన తుఫాను పెద్దల నోట వినబడునవే. కాని 2015 నవంబరు వానలు, 2021 నవంబరులో పెన్న వరద, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను – తొమ్మిదేండ్లలోపున మూడు దెబ్బలు తగిలినవి. మిచౌంగ్ బాపట్ల వద్ద తీరము దాటినను, ఇచ్చటి నారుమళ్ళు, నాట్లు మునిగినవి. సముద్రము వేడెక్కిన కొలది ఒక్కసారిగా కురియు వాన పెరుగునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కావున నారు ఒకసారి పోవునని ముందే ఎంచుకొని పని సాగించుట మేలు.

ఎకరము నాటుటకు 5 సెంట్ల నారుమడి, 20 నుండి 25 కిలోల విత్తనము కావలెను. దీనికి తోడు అందులో సగమైనను ఇంట మిగిల్చుకొనవలెను. నారంతయు ఒకే దినమున పోయక, పది పదిహేను రోజుల ఎడముతో రెండు విడతలుగా, ఒకటి మెరక చేలో పోసిన యెడల ఒక వానకు రెండును పోవు. విత్తనము దాచుట ఇంటి ఇల్లాలికి తెలిసిన విద్యయే. గింజను పంటితో కొరికినచో టక్కున విరుగునంత ఎండబెట్టవలెను. నారు పోయుటకు ముందు నూరు గింజలను తడి గోనెగుడ్డలో చుట్టి చూడవలెను. 80 మొలవనిచో ఆ విత్తనము పనికిరాదు.

నారు పోయి రెండవసారి పోయవలసి వచ్చినప్పుడు రకము మార్చవలసి యుండును. పూర్వము నెల్లూరుకు పేరు తెచ్చిన మొలగొలుకులు దీర్ఘకాలపు రకములు. ఆలస్యమైనచో వాటితో పని జరుగదు. నెల్లూరు వ్యవసాయ పరిశోధనా స్థానము వారి ఎన్.ఎల్.ఆర్. 34449 (నెల్లూరు మసూరి) సుమారు నాలుగు నెలలలో కోతకు వచ్చి, అగ్గితెగులును తట్టుకొనును. రెండవ విడతకు ఉంచు విత్తనము ఇట్టి రకముదై యుండవలెను.

మునిగిన నారుమడిలో మొదటి పని నీరు తీయుట. నారు ఒడలు విరుచుకొనిన పిదప 5 సెంట్లకు కిలో యూరియా, కిలో పొటాష్ చల్లవలెను. నాటిన పైరు మునిగినచో నీరు తీసి ఎకరమునకు 20 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్ వేయవలెను. నీరు తీయక ముందు ఎరువు చల్లుట డబ్బును కాలువ పాలు చేయుటయే.

ఉప్పుటేటి నీరు పొలమున ఎక్కిన చోట సంగతి కష్టము. మంచినీరు పెట్టి, నిలువగట్టి, తీసివేయుట రెండు మూడు సార్లు చేయవలెను. అట్టి భూములలో లేత నారు నిలువదు. 30 రోజులు దాటిన ముదురు నారును, కుదురుకు నాలుగైదు మొక్కల చొప్పున నాటవలెను. వరికి ముందు జీలుగ వేసి పూతకు రాగానే కలియదున్నుట మంచిది. జీలుగ కొంత ఉప్పును ఓర్చుకొనును. చౌడు అనగానే జిప్సము కొనుట అలవాటైనది. జిప్సము కారుచౌడుకే గాని పాలచౌడుకు పనికిరాదు. మట్టి పరీక్ష చేయించనిదే కొనరాదు.

కూలి తగ్గుననియు, కాలము కలిసివచ్చుననియు దమ్ములో విత్తనము వెదజల్లువారు పెరుగుచున్నారు. ఇది మంచిదే. కాని నాట్ల కూలితో పొట్ట పోసుకొను స్త్రీలకు ఆ నెల కూలి పోవును. కలుపు తీయు పని మాత్రము హెచ్చును. ఈ లెక్కను కూడ పెద్ద రైతులు చూడవలెను.

1992లో ఈ జిల్లాలోని దూబగుంట స్త్రీలు సారాపై లేచిన సంగతి అందరు ఎరుగుదురు. ఆ వెనుక 1993లో దినమునకు రూపాయి చొప్పున దాచు పొదుపులక్ష్మి సంఘములు ఇచ్చట పుట్టినవి. డబ్బు దాచిన సంఘము విత్తనము దాచలేదా? ఒక్కొక్క సభ్యురాలు ఒక కుంచెడు విత్తనము మెరక ఇంట ఉమ్మడిగా ఉంచినచో, నారు పోయిన వారము అంగడి ధరకు లొంగవలసిన పని యుండదు.

ఇక గ్రామాధికారులకు ఒక మాట. 2015–16 వ్యవసాయ గణనలో దేశమున కమతముల సాగుదారులలో స్త్రీలు నూటికి 14 మంది లోపే. మన రాష్ట్రమున ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమభాగము 1985 సెప్టెంబరు 5 నుండియే చట్టమైనను, పట్టాలలో పేరు చేరుట మెల్లగానే యున్నది. పంట నష్టమునకు సహాయము ఈ-పంట నమోదులోని పేరుకే వచ్చును. భర్త పేర భూమి ఉండి భార్య సాగుచేయు చోట, స్త్రీలు కౌలుకు తీసికొనిన చోట, పేరు తప్పినచో తుఫాను నాటి నష్టము ఒకరిది, సహాయము వేరొకరిది అగును. నమోదుకు పోవునప్పుడు నాట్లు వేయు వేళకు చేనికే పోయి, ఆ చేను ఎవరు సాగుచేయుచున్నారో గట్టున నిలిచి అడిగి వ్రాసికొనవలెను. తప్పులు దిద్దించుకొనుటకు జాబితాను గ్రామ సచివాలయమున ప్రదర్శించినప్పుడు, సంఘము సమావేశమునందును చదివి వినిపించవలెను.