వంటింటి కొబ్బరి బీరు, ఆబ్కారీ చట్టం

మత్తు పానీయాల ఉత్పత్తి, తయారీ, స్వాధీనం, రవాణా, కొనుగోలు, అమ్మకాలను భారత రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితా 8వ అంశం రాష్ట్ర శాసనసభలకే అప్పగించింది. అందువల్ల ఇంట్లో సొంతానికి బీరు చేసుకోవచ్చునా అన్న ప్రశ్నకు దేశమంతటికీ చెల్లే జవాబు లేదు. హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె గదిలో ఉండే విద్యార్థికైనా, ఎల్బీనగర్‌లో సొంత ఇల్లున్న ఉద్యోగికైనా వర్తించేది 1968 నాటి ఆబ్కారీ చట్టం, అంటే ఉమ్మడి రాష్ట్రంలో ఆ ఏటి 17వ చట్టంగా వచ్చి, విభజన తరువాత తెలంగాణ తనకు అన్వయించుకున్న చట్టం. పారసీ నుంచి వచ్చిన ‘ఆబ్కారీ’ అనే మాటకు మద్యం తయారీ, అమ్మకం అని అర్థం. తరువాత అది వాటిపై వేసే పన్నుకూ, ఆ పన్ను చూసే శాఖకూ పేరైంది. ఆ చట్టం 13వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా ఎవరూ ఏ మత్తు పదార్థాన్నీ తయారు చేయరాదు. అమ్మడానికా, ఇంటిల్లిపాదీ తాగడానికా అన్న విచారణ ఆ సెక్షన్‌లో లేదు.

అమెరికాలో కొన్నేళ్లు ఉండి తిరిగివచ్చిన తెలుగువారికి ఇది వింతగా తోచవచ్చు. అక్కడ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరులో సంతకం చేసిన చట్టం వల్ల, మరుసటి ఏడాది నుంచి, ఒక్కరే వయోజనుడున్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, అంటే దాదాపు 378 లీటర్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉంటే 200 గ్యాలన్ల బీరు సొంత వాడకానికి పన్ను లేకుండా చేసుకునే వీలు కలిగింది. అయినా అక్కడ కూడా చివరి మాట రాష్ట్రాలదే గనుక, అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013లో గానీ ఒప్పుకోలేదు. డాలస్ గరాజులో నిక్షేపంగా నడిచిన వ్యవహారం, అదే సామాను సూట్‌కేసులో శంషాబాద్‌లో దిగాక నేరంగా మారడానికి కారణం ఈ శాసనభేదమే తప్ప పానీయంలోని తేడా కాదు.

వంటింటి కొబ్బరి బీరు ముదురు రంగు బీర్ల కోవలోది. వాటిలో స్టౌట్, పోర్టర్ అనే రకాలు పేరుపడినవి. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టగా వచ్చేది మాల్ట్. అందులో కొంత భాగాన్ని కాఫీ గింజల్లా నల్లబడే దాకా వేయించి కలపడం వల్లనే ఈ బీర్లకు ఆ రంగూ ఆ చిరుచేదూ అబ్బుతాయి. మాల్ట్‌ను సుమారు 65 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారి తియ్యని రసం దిగుతుంది. దాన్ని హాప్స్ అనే తీగ పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపి బకెట్‌కు మూత బిగిస్తే, ఈస్ట్ ఆ చక్కెరను తిని ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ ఇస్తుంది. మూతకు అమర్చిన గొట్టంలో బుడగలు మందగించాక, బాణలిలో నూనె లేకుండా ఎర్రగా వేయించిన కొబ్బరి తురుమును పల్చటి గుడ్డలో మూటకట్టి కొన్ని రోజులు అందులో ముంచి ఉంచుతారు. కొబ్బరి నూనె బీరు నురగను చంపేస్తుంది గనుక, వేయించిన తురుమును ముందుగా కాగితం మీద ఒత్తడం తెలిసినవారి పద్ధతి. దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గర కొన్న కొబ్బరికాయ కూడా దీనికి పనికొస్తుంది. కొబ్బరి, బార్లీ, ఈస్ట్, బకెట్, గొట్టం, వీటిలో ఏదీ విడిగా నిషిద్ధ వస్తువు కాదు.

చట్టం పట్టుకునేది వీటి కలయికను. ఆబ్కారీ చట్టంలోని నిర్వచనాల్లో ‘బీరు’ అంటే మాల్ట్ నుంచి పులియబెట్టి తీసిన పానీయాలన్నీ వస్తాయి, స్టౌట్, పోర్టర్ పేర్లతో సహా. ‘తయారీ’ అంటే సహజంగా గానీ కృత్రిమంగా గానీ మత్తు పదార్థం పుట్టే ప్రక్రియ ఏదైనా వస్తుంది. కాబట్టి సారా కాయలేదు, పొయ్యి మీద బట్టీ పెట్టలేదు, దానంతట అదే పులిసింది అన్న సమర్థన నిలవదు. కొబ్బరి విషయంలో చిన్న చమత్కారం ఉంది. తాడి, ఈత చెట్లలాగే కొబ్బరి చెట్టు నుంచి గీసిన కల్లును చట్టం వేరే దారిలో, గీత కార్మికుల లైసెన్సుల పద్ధతిలో చూస్తుంది. కొబ్బరి తురుము వేసిన బీరుకు ఆ దారి లేదు, అది బీరు కిందికే వస్తుంది.

అసలు చిక్కు పులియక ముందే మొదలవుతుంది. మత్తు పదార్థం తయారు చేసే ఉద్దేశంతో ముడిసరుకునూ, పాత్రలనూ, పరికరాలనూ దగ్గర ఉంచుకోవడాన్ని కూడా 13వ సెక్షన్ నిషేధించి, 34వ సెక్షన్ జైలుశిక్ష, జరిమానాలు విధించదగిన నేరంగా చేసింది. ఇక్కడ బరువంతా ‘ఉద్దేశం’ అనే మాట మీదే ఉంది. ఈ మాటను తెలుగు నేల మీద న్యాయస్థానాలు పరీక్షించినది బీరు విషయంలో కాదు, నల్లబెల్లం విషయంలో. హైదరాబాద్‌లోని ధూల్‌పేట మొదలుకొని తండాల దాకా గుడుంబాకు, అంటే నాటుసారాకు, బెల్లం ఊటే మూలం గనుక, ఆబ్కారీ అధికారులు బెల్లం లారీలనూ దుకాణాలనూ పట్టుకుంటూ వచ్చారు. కరీంనగర్‌కు చెందిన గణేశ్ ట్రేడర్స్ కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు బెల్లం తనంతట తాను మత్తు పదార్థం కాదనీ, దాన్ని కలిగి ఉండడమో అమ్మడమో దానికదే నేరం కాదనీ, సారా తయారీ కోసమేనని చూపే ఆధారం ఉన్నప్పుడే చట్టం వర్తిస్తుందనీ తేల్చింది. ఇదే తర్కం మాల్ట్ సంచికీ చెల్లుతుంది. వంటింట్లో మాల్ట్ పొడి, ఈస్ట్ పొట్లం ఉన్నంత మాత్రాన ఎవరూ నేరస్థులు కారు. అయితే పక్కనే హాప్స్, గొట్టం బిగించిన బకెట్, ఫోనులో స్నేహితులకు పంపిన తయారీ ఫొటోలు ఉంటే ఉద్దేశాన్ని రుజువు చేయడం అధికారులకు పెద్ద శ్రమ కాదు.

పులిసిన బకెట్‌నూ గుడుంబా బట్టీనీ ఒకే సెక్షన్‌తో తూచడం సరైన తూకం కాదనే చెప్పాలి. అయితే ఇంట్లో బీరు చేసుకోవడాన్ని ప్రాథమిక హక్కుగా వాదించే దారి సన్నగిల్లింది. మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు 1994లో చెప్పింది. ఆ తీర్పు వ్యాపారం గురించే అయినా, మత్తు పానీయాలను నిషేధించే దిశగా సాగాలని రాజ్యాంగం 47వ అధికరణమే రాజ్యాన్ని ఆదేశిస్తున్నప్పుడు, సొంత వాడకమనే వాదనకూ బలం తక్కువ. చిన్న పరిమాణానికి మినహాయింపు కావాలంటే శాసనసభే ఇవ్వాలి. లైసెన్సు దారి ఉన్నది మైక్రోబ్రూవరీలకు, అంటే అక్కడికక్కడే బీరు చేసి వడ్డించే సంస్థలకు. తెలంగాణ 2015లో ఇందుకు నియమాలు చేసింది గానీ, అవి ఇంటి వంటగదిని ఉద్దేశించినవి కావు. అటువంటి చోట కూడా 21 ఏళ్లు నిండనివారికి మద్యం పోయరాదు గనుక, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ హాస్టళ్లలోని చాలామందికి ఆ తలుపు కూడా మూసే ఉంటుంది.

తనిఖీకి అధికారులు వచ్చినప్పుడు పౌరుడికి ఏమీ మిగలదనుకోవడం పొరపాటు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 103వ సెక్షన్ ప్రకారం సోదా ఆ ప్రాంతంలోని ఇద్దరు మర్యాదస్తుల సమక్షంలో జరగాలి. పట్టుకున్న వస్తువుల జాబితా, వాడుకలో పంచనామా అనేది, అక్కడే రాసి సాక్షుల సంతకాలు తీసుకోవాలి. దాని నకలు ఇంటివారికి ఇవ్వాలి. సోదానూ జప్తునూ వీడియో తీయాలని 105వ సెక్షన్ అంటుంది. అరెస్టు చేస్తే కారణం చెప్పడం, బంధువుకో స్నేహితుడికో తెలియజేయడం, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచడం తప్పనిసరి. ఏడేళ్లకు మించని శిక్ష గల నేరాల్లో అవసరం లేకుండా అరెస్టు చేయరాదనీ, ముందు నోటీసు ఇచ్చి పిలవాలనీ సుప్రీంకోర్టు 2014లో అర్నేశ్ కుమార్ కేసులో నిర్దేశించింది. జాబితాలో ‘నల్లని ద్రవం’ అని మాత్రమే రాసి, ఎన్ని లీటర్లో, నమూనా సీసాకు సీలు వేశారో లేదో రాయకపోతే సంతకం పెట్టే ముందే అడగాలి. అందులో ఆల్కహాలు ఉందని రసాయన పరీక్ష తేల్చాలి, ఆ పరీక్షకు వెళ్లేది ఈ నమూనాయే. ఆబ్కారీ శాఖ కొన్ని నేరాలను రుసుము కట్టించుకుని రాజీ చేసే వీలు చట్టంలో ఉంది గానీ, అది అధికారి విచక్షణ; రసీదు లేకుండా అడిగే డబ్బు రాజీ రుసుము కాదు, లంచం, దానికి అవినీతి నిరోధక శాఖ నంబరు 1064.

దిల్‌సుఖ్‌నగర్ పరిసరాలు కొంత హైదరాబాద్ జిల్లాలోకీ, సరూర్‌నగర్ వైపు రంగారెడ్డి జిల్లాలోకీ వస్తాయి గనుక, కేసు ఏ కోర్టుకు వెళ్తుందో పంచనామాలోని చిరునామా బట్టి చూసుకోవాలి. రంగారెడ్డి జిల్లా కోర్టుల సముదాయం ఎల్బీనగర్‌లోనే ఉంది. ఉచిత న్యాయ సహాయానికి జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు, ఫోనులో అడిగేవారికి 15100 నంబరు ఉంది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకూ, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికీ, కస్టడీలో ఉన్నవారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయం దక్కుతుంది. కాబట్టి వేరే జిల్లా నుంచి చదువుకు వచ్చి, గదిలోని బకెట్ వల్ల పట్టుబడిన కుర్రవాడు, ఇంటి నుంచి ఎవరూ చేరుకోకముందే, మొదటిసారి మేజిస్ట్రేటు ముందుకు తెచ్చినప్పుడే తనకు న్యాయవాదిని ఏర్పాటు చేయమని అడగవచ్చు.