పాత ఆటో కొనేముందు

వేసవి వస్తే విస్సన్నపేట తోటల్లో మామిడి కోతలు మొదలవుతాయి. రసాలు, బంగినపల్లి కాయలు నూజివీడు చేరాలి. ప్రతిసారీ బాడుగ కట్టాలి. "పాత ట్రాలీ ఆటో కొనుక్కుంటే?" అనుకుంటారు పొదుపు సంఘం ఆడవాళ్లు.

మంచి ఆలోచనే. కానీ అది అందరి పొదుపు డబ్బు. చూసి కొనాలి.

బండి చూడాలి

తెలిసిన మెకానిక్కును వెంట తీసుకెళ్లాలి. పగటిపూట చూడాలి. కొత్త రంగు కింద తుప్పు ఉండొచ్చు. వంగి అడుగుభాగం చూడాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించాలి. నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోందని అర్థం. బరువు వేసి నడిపించాలి. బ్రేకు పట్టి చూడాలి.

కాగితాలు చదవాలి

ఆర్‌సీలో ఎవరి పేరుంది? అమ్మే మనిషిదేనా? ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవేనా? ఒక్కొక్క అంకె సరిచూడాలి. ఫైనాన్సు కంపెనీ పేరు ఉంటే అప్పు తీరినట్టు కాగితం అడగాలి. బీమా, ఫిట్‌నెస్ తేదీలు చూడాలి.

పేరు మార్చాలి

"పేరు తర్వాత మార్చుకోవచ్చులే అమ్మా" అంటారు. వినకూడదు. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు అప్పుడే తీసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం, కొన్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. బీమాలో పేరు మార్పుకు 14 రోజులే గడువు. డబ్బు ఇచ్చినా, పేరు మారకపోతే రికార్డులో బండి పాత యజమానిదే.

ఎవరి పేరున కొంటారో సంఘం తీర్మానాల పుస్తకంలో రాసుకోవాలి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రశీదు తీసుకోవాలి.

ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. ముందు చదవండి. తర్వాతే సంతకం.

ఆలోచించండి
1. మీకు తెలిసినవాళ్లు పాత బండి కొన్నారా? ఏ కాగితాలు చూశారు?
2. ఒక ఆర్‌సీ తెచ్చి అందరూ చదవండి. యజమాని పేరు, ఇంజను నంబరు పలక మీద రాయండి.