రోమింగ్ యూజర్ ప్రొఫైల్స్ – ఆఫీసు కంప్యూటర్ పని నేర్చుకునేవారికి ఒక పాఠం



మన నిడుగల్లు చుట్టుపక్కల పిల్లలు బి.కాం., బి.సి.ఎ., డిప్లొమా చదివి పావగడ, హిందూపురం, తుమకూరు, బెంగళూరు ఆఫీసులలో పనికి చేరుతున్నారు. చిన్న ఆఫీసులలో లెక్కలు రాయడానికి వచ్చినవారికే "కంప్యూటర్లు కూడా కాస్త చూసుకో" అని అప్పగించడం మామూలు. అలాంటివారికి ఉపయోగపడే విషయం ఒకటి ఈసారి చెబుతాను.

మన ట్రస్టు స్కాలర్‌షిప్‌తో చదివిన ఒక అబ్బాయి ఒక గార్మెంట్ ఫ్యాక్టరీ ఆఫీసులో చేరాడు. అక్కడ పన్నెండు కంప్యూటర్లు, ఒక సర్వరు. ఒక సోమవారం గుమాస్తా తన డెస్క్‌టాప్ మీద ఉన్న ఫైలులో కూలీల హాజరు ఎక్కించి, లాగ్ ఆఫ్ చేయకుండా ఇంటికి వెళ్లాడు. రాత్రి కరెంటు పోయింది. మంగళవారం వేరే కంప్యూటర్ ముందు కూర్చుని, పై వరుసలు చూడకుండా ఆ రోజు హాజరు రాసి లాగ్ ఆఫ్ చేశాడు. బుధవారం తన పాత కంప్యూటర్‌లో తెరిచి చూస్తే సోమవారం హాజరు లేదు. "పెద్దనాయనా, సర్వరు చూసేది నేనే కాబట్టి నేనే చెరిపానంటున్నారు" అని అబ్బాయి నాకు ఫోను చేశాడు. గేటు దగ్గర చేతిరాత పుస్తకం ఉండబట్టి కూలీల డబ్బు పోలేదు. తప్పు ఎక్కడ జరిగిందో వెతుకుతూ మేమిద్దరం నేర్చుకున్నదే ఈ పాఠం.

1. ప్రొఫైల్ అంటే ఏమిటి?

విండోస్‌లో ఒక్కొక్కరికి ఒక ఫోల్డరు ఉంటుంది. సి డ్రైవులో యూజర్స్ అనే ఫోల్డరు తెరిస్తే మీ పేరుతో కనిపిస్తుంది. మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, మీరు పెట్టుకున్న సెట్టింగులు అన్నీ అందులోనే. సెట్టింగులు ఎన్‌టీయూజర్ డాట్ డాట్ అనే దాగి ఉన్న ఫైలులో ఉంటాయి. మనం ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఆఫీసులో ఇంగ్లీషు వాడేవాళ్లం. ఏ కీబోర్డు భాషలు ఎంచుకున్నామన్నది కూడా ఆ ఫైలులోనే నమోదవుతుంది. ఇదంతా కలిపి యూజర్ ప్రొఫైల్.

మామూలుగా ప్రొఫైల్ ఒక్క కంప్యూటర్‌కే కట్టుబడి ఉంటుంది. దాని అసలు ప్రతిని సర్వరులో ఉంచి, మీరు ఏ కంప్యూటర్ ముందు కూర్చుంటే అక్కడికి తెప్పించే ఏర్పాటే రోమింగ్ ప్రొఫైల్. ప్రోగ్రాములు మాత్రం వెంట రావు. ట్యాలీ ఒక కంప్యూటర్‌లో ఉండి రెండో దానిలో లేకపోతే, ప్రొఫైల్ వచ్చినా ట్యాలీ రాదు.

2. ఇది ఎలా నడుస్తుంది?

కంప్యూటర్లు రాకముందు బ్యాంకులో పొద్దున స్ట్రాంగ్ రూము నుండి లెడ్జర్లు కౌంటరుకు వచ్చేవి. సాయంత్రం సరిచూసి మళ్లీ లోపల పెట్టేవాళ్లం. రోమింగ్ ప్రొఫైల్ అంతే. లాగ్ ఆన్ చేసినప్పుడు సర్వరు నుండి నకలు వస్తుంది. పగలంతా మీరు రాసేది ఆ నకలు మీద. లాగ్ ఆఫ్ చేసినప్పుడే మార్పులు సర్వరుకు చేరతాయి.

ఇప్పుడు ఆ హాజరు ఫైలు సంగతి చూడండి. సోమవారం లాగ్ ఆఫ్ కాలేదు కాబట్టి సర్వరులో శనివారం ప్రతే ఉంది. మంగళవారం రెండో కంప్యూటర్‌కు వచ్చింది అదే. మంగళవారం సాయంత్రం అది సర్వరుకు చేరి కొత్త తేదీ వేసుకుంది. బుధవారం కొత్త తేదీ ఉన్న ప్రతి, సోమవారం ప్రతి మీద కూర్చుంది. ఎవరూ చెరపలేదు. లెడ్జరు లోపల పెట్టకుండా ఇంటికి పోయారు, అంతే.

3. ఏర్పాటు చేసే క్రమం

ఇది డొమైన్ ఉన్న నెట్‌వర్కులో చేసే పని. విండోస్ హోమ్ ఎడిషన్ డొమైన్‌లో చేరదు. ప్రో గానీ ఆ పై ఎడిషన్ గానీ కావాలి.

(అ) యాక్టివ్ డైరెక్టరీలో రోమింగ్ వాడేవారి కోసం ఒక సెక్యూరిటీ గ్రూపు చేసి, వారిని అందులో చేర్చండి.

(ఆ) సర్వరులో ప్రొఫైల్స్ అనే ఫోల్డరు చేసి షేర్ చేయండి. షేర్ పేరు చివర డాలర్ గుర్తు పెడితే నెట్‌వర్కులో అందరి కంటా పడదు. షేర్ పర్మిషన్లలో ఆ గ్రూపుకు ఫుల్ కంట్రోల్ ఇవ్వండి.

(ఇ) సెక్యూరిటీ ట్యాబులో ఆ గ్రూపుకు, ఈ ఫోల్డరు వరకే, లోపల ఏమున్నదో చూసే హక్కు, కొత్త ఫోల్డరు చేసే హక్కు చాలు. క్రియేటర్ ఓనర్‌కు లోపలి ఫోల్డర్లపై ఫుల్ కంట్రోల్ ఇవ్వండి. సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్లకు పూర్తి హక్కు ఉండాలి. ఇలా చేస్తే ఎవరి ఫోల్డరు వారిదే. ఒకరిది ఒకరు తెరవలేరు.

(ఈ) యూజర్ ప్రాపర్టీస్‌లో ప్రొఫైల్ అనే ట్యాబు తెరిచి, ప్రొఫైల్ పాత్ అనే గడిలో రెండు బ్యాక్‌స్లాష్‌లు, సర్వరు పేరు, బ్యాక్‌స్లాష్, షేర్ పేరు, బ్యాక్‌స్లాష్ రాసి, చివర రెండు శాతం గుర్తుల మధ్య యూజర్‌నేమ్ అనే మాట పెట్టండి. దాని స్థానంలో వారి లాగిన్ పేరు దానంతటదే పడుతుంది.

(ఉ) ఆ ఉద్యోగిని అతను రోజూ వాడే కంప్యూటర్‌లోనే మొదట లాగ్ ఆన్ చేసి, లాగ్ ఆఫ్ చేయమనండి. సర్వరులో అతని పేరుతో ఫోల్డరు రావాలి. తర్వాతే రెండో కంప్యూటర్‌లో పరీక్షించండి.

ఫోల్డరు పేరు చివర వి2, వి6 వంటి అక్షరాలు కనిపిస్తే కంగారు వద్దు. విండోస్ 7కు వి2, విండోస్ 10లో 1607 వెర్షన్ (2016) నుండి వి6. ఇవి వేరు వేరు ప్రొఫైళ్లు. పాత, కొత్త విండోస్‌లు కలిసి ఉన్న ఆఫీసులో ఒకదాని సెట్టింగులు రెండో దానికి వెళ్లవు.

4. బరువు లెక్క

డెస్క్‌టాప్ మీద వీడియోలు, స్కాన్ కాపీలు పోగేసి ప్రొఫైల్ 2 జీబీ చేశారనుకోండి. 100 మెగాబిట్ల నెట్‌వర్కులో సెకనుకు 100 ÷ 8 = 12.5 ఎంబీ వెళ్తుంది. 2,000 ÷ 12.5 = 160 సెకన్లు. పొద్దున తొమ్మిదికి పదిమంది ఒకేసారి కొత్త కంప్యూటర్ల ముందు కూర్చుంటే, సర్వరు తీగ ఒక్కటే కాబట్టి 1,600 సెకన్లు, అంటే సుమారు 27 నిమిషాలు. పాత నకలు ఆ కంప్యూటర్‌లో ఉంటే మారిన ఫైళ్లే వస్తాయి కాబట్టి సమయం తగ్గుతుంది.

దీనికి మందు ఫోల్డర్ రీడైరెక్షన్. గ్రూప్ పాలసీ ద్వారా డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ ఫోల్డర్లను సర్వరులోని మరో షేర్‌కు మళ్లించవచ్చు. అప్పుడు ఆ ఫైళ్లు వస్తూ పోతూ ఉండవు. సేవ్ చేయగానే సర్వరులోనే పడతాయి. ఆ అబ్బాయి ఆఫీసులో తర్వాత చేసిన దిద్దుబాటు ఇదే. హాజరు ఫైలు మళ్లీ పోలేదు.

5. గుర్తుంచుకోవలసినవి

• సాయంత్రం లాగ్ ఆఫ్ చేయనిదే లేవకండి. స్క్రీన్ లాక్ చేయడం లాగ్ ఆఫ్ కాదు.
• ఒకే పేరుతో రెండు కంప్యూటర్లలో ఒకేసారి పని చేయకండి. సెట్టింగుల విషయంలో చివర లాగ్ ఆఫ్ చేసినదే నిలుస్తుంది.
• టెంపరరీ ప్రొఫైల్ అని సందేశం వస్తే పని మొదలుపెట్టకండి. అందులో దాచినది లాగ్ ఆఫ్‌తో పోతుంది.
• సర్వరుకు, కంప్యూటర్లకు యూపీఎస్ ఉండాలి. మన వైపు కరెంటు సంగతి మీకు తెలియనిది కాదు.
• రోమింగ్ ప్రొఫైల్ బ్యాకప్ కాదు. తప్పుగా చెరిపినది సర్వరులో కూడా చెరిగిపోతుంది. వేరే డిస్కుకు రోజూ బ్యాకప్ తీయండి.

అభ్యాసం

1. ప్రొఫైల్ 500 ఎంబీ, నెట్‌వర్కు 1,000 మెగాబిట్లు. కొత్త కంప్యూటర్‌లో ఒక్కరు లాగ్ ఆన్ చేస్తే కనీసం ఎన్ని సెకన్లు పడుతుంది?
2. కీబోర్డు భాష వెంట వస్తుంది, ట్యాలీ రాదు. ఎందుకు?
3. పై కథలో గుమాస్తా మంగళవారం పని మొదలుపెట్టే ముందు ఏమి చేసి ఉంటే సోమవారం హాజరు నిలిచేది?

మూడో ప్రశ్నకు జవాబు మీ మాటల్లో రాసి చూడండి. ఆఫీసులో తప్పు మీ మీదికి వచ్చిన రోజున, ఏ రోజు ఏ ప్రతి ఎక్కడ ఉందో వరుసగా చెప్పగలగడమే మీకు రక్ష. ఆ అబ్బాయి ఒక తెల్ల కాగితం మీద శనివారం నుండి బుధవారం దాకా ఇలాగే గీసి మేనేజరుకు చూపించాడు. ఆ తర్వాత అతన్ని ఎవరూ తప్పు పట్టలేదు.