కడుపులోని బిడ్డ గుండె: మూడో నెల స్కాన్ ఎందుకు?



"అయిదో నెలలో ఎలాగూ పెద్ద స్కాన్ తీస్తారు కదా, ఇప్పుడెందుకు దండగ?" ఉప్పల్, నాచారం బస్తీల్లో నెల తప్పిన కోడలి గురించి పెద్దవాళ్లు తరచూ అనే మాట ఇది. కూలి డబ్బుతో గడిచే ఇంట్లో ఒక స్కాన్ ఖర్చు చిన్నదేమీ కాదు. అయినా ఆ స్కాన్ వదులుకోవద్దని ఎందుకు చెబుతున్నామో తెలుసుకుందాం.

గుండె ఎప్పుడు తయారవుతుంది?

డాక్టర్లు వారాలను చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. ఆరో వారానికి బిడ్డ గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. పదో వారానికి నాలుగు గదులు, కవాటాలు, పెద్ద రక్తనాళాలు దాదాపు రూపు దిద్దుకుంటాయి. లోపం ఏర్పడితే అప్పటికే ఏర్పడి ఉంటుంది.

పుట్టే ప్రతి వెయ్యి మందిలో సుమారు 8 నుంచి 10 మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. వీటిలో చాలావరకు చిన్న రంధ్రాలే. కొన్ని వాటంతటవే పూడిపోతాయి. మొదటి ఏడాదిలోనే ఆపరేషన్ అవసరమయ్యే తీవ్రమైన లోపాలు వెయ్యికి ఇద్దరు ముగ్గురిలో కనిపిస్తాయి. రెండు పెద్ద ధమనులు తారుమారు కావడం, గుండె ఎడమ భాగం ఎదగకపోవడం, ఊపిరితిత్తుల నుంచి రక్తం తెచ్చే సిరలు తప్పు గదిలో కలవడం వంటివి అరుదైనవే గానీ ప్రాణాంతకమైనవి.

11 నుంచి 14 వారాల మధ్య ఏం చూస్తారు?

దీన్నే ఎన్‌టి స్కాన్ అంటారు. అప్పటికి బిడ్డ తల నుంచి పిరుదుల వరకు 45 నుంచి 84 మిల్లీమీటర్లు ఉంటుంది. గుండె సెంటీమీటరు కన్నా చిన్నది. అంత చిన్న గుండెలో అన్నీ స్పష్టంగా కనిపించవు కాబట్టి డాక్టరు ఆనవాళ్లను వెతుకుతారు:

1. బిడ్డ మెడ వెనక చర్మం కింద ఉండే నీటి పొర మందం. ఇది 3.5 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉంటే గుండెను ప్రత్యేకంగా పరీక్షించాలి.
2. గుండె కుడివైపు కవాటంలో రక్తం వెనక్కి కారుతోందా?
3. కాలేయం దగ్గర ఉండే చిన్న సిరలో రక్తం సరైన దిశలో పారుతోందా?
4. కలర్ డాప్లర్‌లో రెండు కింది గదుల్లోకి రెండు ధారలు సమానంగా వెళ్తున్నాయా?

1999లో లండన్ వైద్యులు 29,154 గర్భాలను పరిశీలించి ఒక ఫలితం ప్రచురించారు. పెద్ద గుండె లోపాలున్న 50 మంది శిశువుల్లో 28 మందికి మెడ వెనక పొర మందంగా ఉంది. మిగిలిన 22 మందికి అలా లేదు. కాబట్టి ఎన్‌టి కొలత బాగుంటే గుండె బాగున్నట్టేనని అనుకోకూడదు. ఎక్కువగా ఉంటే లోపం ఖాయమని భయపడకూడదు. 18 నుంచి 22 వారాల మధ్య తీసే టిఫా స్కాన్ అందరికీ అవసరమే. అందులో నాలుగు గదులతో పాటు, గుండె నుంచి బయటికి వెళ్లే రెండు ధమనులనూ చూశారా అని అడగండి. ధమనులు తారుమారైన బిడ్డలో నాలుగు గదులు మామూలుగానే కనిపించవచ్చు.

ముందుగా తెలిస్తే ఏం లాభం?

మొదటి లాభం, బిడ్డ ప్రాణం. కడుపులో ఉన్నప్పుడు ఒక చిన్న నాళం రక్తానికి పక్కదారి ఇస్తుంది. పుట్టిన కొద్ది రోజుల్లో అది మూసుకుపోతుంది. అప్పటిదాకా బాగున్న బిడ్డ అకస్మాత్తుగా నీలం రంగుకు మారవచ్చు. సంగతి ముందే తెలిస్తే పిల్లల గుండె డాక్టర్లున్న ఆసుపత్రిలోనే కాన్పు పెట్టుకోవచ్చు. ఆ నాళం మూసుకుపోకుండా మందు ఎక్కించి, సమయానికి ఆపరేషన్ చేస్తారు. ధమనుల తారుమారును సాధారణంగా మొదటి రెండు మూడు వారాల్లోనే సరిచేస్తారు.

రెండోది, ఆలోచించుకునే వ్యవధి. చికిత్స లేని తీవ్ర వైకల్యం ఉందని నమ్మకమైన వైద్యుల బృందం ధ్రువీకరిస్తే, తల్లిదండ్రులు కోరితే, 120 రోజుల లోపు గర్భస్రావానికి అనుమతి ఉందని 1990లో మక్కాలో రాబితా ఫిఖ్ మండలి తీర్మానించింది. గర్భం నిలిచిన నాటి నుంచి 120 రోజులంటే డాక్టర్ల లెక్కలో సుమారు 19 వారాలు. లోపం టిఫా స్కాన్‌లోనే మొదటిసారి బయటపడితే ఆ గడువు దాటిపోవచ్చు. అయితే గుండె లోపాల్లో ఎక్కువ భాగం నయం చేయదగ్గవేనని మరవద్దు. ఎవరూ ఒక్క స్కాన్ చూసి తొందరపడకూడదు. గుండె డాక్టరుతో, ఆలిమ్‌తో మాట్లాడాకే ఏ నిర్ణయమైనా.

ఎవరు మరింత జాగ్రత్తగా ఉండాలి?

గర్భానికి ముందే షుగర్ ఉన్న తల్లులు, మూర్ఛకు మందులు వాడేవారు, భార్యాభర్తల్లో ఒకరికి గానీ ముందు బిడ్డకు గానీ గుండె లోపం ఉన్నవారు, కవలల తల్లులు ఫీటల్ ఎకో గురించి డాక్టరును అడగాలి. దగ్గరి సంబంధాలు చేసుకున్నవారు కూడా అడగాలి. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. దాని ప్రకారం పుట్టుకతో వచ్చే లోపాలు మామూలు దంపతుల పిల్లల్లో నూటికి 3 అయితే, రక్తసంబంధీకుల పిల్లల్లో 6. అంటే 94 మంది ఆరోగ్యంగానే ఉన్నారు. ఇది నింద కాదు, జాగ్రత్త మాత్రమే. ఇంకో మాట: గుండె లోపంతో పుట్టే పిల్లల్లో ఎక్కువమంది తల్లులకు ఈ కారణాల్లో ఏదీ ఉండదు.

మన ప్రాంతంలో ఎక్కడ?

ఫీటల్ ఎకో ప్రతి స్కానింగ్ సెంటర్‌లో తీయరు. నాచారం ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు ముందుగా ఈఎస్ఐ కార్డుతో నాచారం ఈఎస్ఐ ఆసుపత్రిలో అడగండి. ఉప్పల్ నుంచి మెట్రోలో అమీర్‌పేట వెళ్లి రైలు మారితే నిమ్స్ దగ్గరే. అక్కడ జన్యు వైద్య విభాగం కూడా ఉంది. పిల్లల గుండె ఆపరేషన్లు ఆరోగ్యశ్రీ కింద వస్తాయి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో కుటుంబానికి పరిమితి 10 లక్షల రూపాయలు.

స్కాన్‌కు ముందు ఒక ఫారం మీద సంతకం చేయించుకుంటారు. అది చట్టం ప్రకారమే. ఆడో మగో అడగవద్దు. 1994 చట్టం ప్రకారం అడగడం, చెప్పడం రెండూ నేరమే. గుండె ఎలా ఉందని మాత్రం తప్పక అడగండి.

వైద్యం చేయించుకోవడం దైవంపై నమ్మకానికి విరుద్ధం కాదు. నెల తప్పగానే తేదీ రాసి పెట్టుకోండి. పన్నెండో వారం ఎప్పుడు వస్తుందో లెక్క కట్టి, ఆ వారమే స్కాన్ చేయించండి. అల్లాహ్ ప్రతి తల్లికీ ఆరోగ్యవంతమైన సంతానాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.